డెడ్‌లిఫ్ట్ చేస్తే బెల్టు కింద కుడివైపు నొప్పి, స్క్వాట్‌లో గజ్జలో పట్టేస్తోంది. బరువులు మానేయాలా?

నిజాంపేట_బార్‌బెల్:

అందరికీ నమస్తే. వయసు 31, బరువు 78 కిలోలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అంటే రోజుకి తొమ్మిది పది గంటలు కుర్చీలోనే. జిమ్‌కి వెళ్ళడం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. జనవరిలో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల బార్‌ని నిటారుగా నిలబడేదాకా పైకి లాగడం) 100 కిలోలు చేస్తున్నవాణ్ణి, మార్చి చివరికి 130 లాగాను. ఆ రోజు ఏమీ కాలేదు, ఫోటోలు దిగి ఇంటికొచ్చి బిర్యానీ కూడా తిన్నాను. మర్నాడు పొద్దున మంచం దిగబోతే తెలిసింది.

నొప్పి నడుం మధ్యలో కాదు. ప్యాంటు బెల్టు గీతకి రెండు వేళ్ళు కింద, వెన్నెముకకి కుడి పక్కన, పిరుదు పైన గుంట పడుతుందే, సరిగ్గా అక్కడ. ఒక్క వేలు పెట్టి చూపించగలను. పడుకుని పక్కకి తిరిగినా, కారు దిగేటప్పుడు ఒక కాలు బయట పెట్టినా చురుక్కుమంటుంది. కాల్లోకి దిగడం లేదు, తిమ్మిరి లేదు. ఇది కాక స్క్వాట్‌లో, అంటే బరువుతో గుంజీ తీసినట్టు కూర్చుని లేచేటప్పుడు, బాగా కిందకి వెళ్తే కుడి గజ్జలో ఏదో ఇరుక్కున్నట్టు ఉంటోంది. ఈ రెండో బాధ కొత్తది కాదు, ఏడాదిగా ఉంది, పట్టించుకోలేదు.

ఎముకల డాక్టరుకి చూపిస్తే నడుముకి ఎక్స్‌రే తీయించి నార్మల్ అన్నారు, ఐదు రోజులకి మాత్రలు రాసి "బరువులెందుకు బాబూ, హాయిగా వాకింగ్ చేసుకో" అన్నారు. ట్రైనర్ని అడిగితే కోర్ (కడుపు, నడుం చుట్టూ ఉండే కండరాలు) వీక్, లిఫ్టింగ్ బెల్టు కట్టి చెయ్యి అన్నాడు. మా అమ్మేమో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నిస్తే పట్టు వదిలిపోతుందని మా మేనమామ కొడుకుని పిలిపిస్తానంటోంది. వాడు 95 కిలోలు ఉంటాడు.

ఆరు వారాలైంది, వారానికి ఒక రోజు బాగుంటుంది, జిమ్‌కి వెళ్తాను, మళ్ళీ మొదటికొస్తుంది. జిమ్‌కి ముందు ఒక పెయిన్‌కిల్లర్ వేసుకుంటే ఆ గంటా ఏమీ తెలియట్లేదు, అలా కానిచ్చేయొచ్చా? ఎంఆర్ఐ తీయించుకోవాలా? లేక నిజంగానే మానేయాలా? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దీన్ని దాటినవాళ్ళు చెప్పండి.

ఉత్తరాంధ్ర_ఇనుము:

ముందు ఆ మాత్ర సంగతి. మాత్ర వేసుకుని బరువెత్తడం అంటే ఇంట్లో పొగ వస్తుంటే అలారం తీగ కోసేసి వంట చేసుకోవడం. నొప్పి చెప్పాల్సిన మాట చెప్పనివ్వకుండా అంత బరువు లాగుతున్నావు, పైగా కడుపుకీ కిడ్నీలకీ అది చేసే చెరుపు వేరే, చెమటలు కారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మరీ. ఇవాళే ఆపేయ్.

ఇక అసలు విషయం. మాది విజయనగరం వైపు, కొండవెలగాడకి దగ్గర ఊరు. ఆ పేరు బరువులెత్తేవాళ్ళకి కొత్త కాదులే. నా చిన్నప్పుడు మా గురువుగారు మూడు నెలలు వెదురు కర్ర తప్ప చేతికి ఇంకేం ఇవ్వలేదు. ఇప్పుడు నాకు 44, నడుం ఒకసారి పోగొట్టుకుని తెచ్చుకున్నవాణ్ణి, అందుకే నిన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతాను.

మీ జిమ్‌లో ఏ ప్లేట్లు వేసి లాగుతున్నావు? నవ్వకు, సీరియస్‌గానే అడుగుతున్నా. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు 450 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది, అంటే బార్ నడిమి నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. మన వీధి జిమ్‌లలో చాలాచోట్ల ఉండేవి మామూలు ఇనుప ప్లేట్లు, అవి అంత పెద్దవి కావు, 10, 15 కిలోలవైతే ఇంకా చిన్నవి. చిన్నవే నాలుగైదు వరసగా తొడిగితే బరువు వస్తుంది గానీ ఎత్తు రాదు. బార్ మూడు నాలుగు సెంటీమీటర్లు కిందకి పోయిందంటే ఆ మూడు నాలుగూ నువ్వే వంగాలి, తుంటి అంతవరకు మడవకపోతే నడుం గూనిలా తిరుగుతుంది, 130 కిలోలు ఆ గూని మీద పడతాయి. టేపు పట్టుకెళ్ళి కొలిచి చెప్పు. తక్కువ ఉంటే రెండు వైపులా రబ్బరు మ్యాట్లో, వాడని ప్లేట్లో పరిచి దాని మీద బార్ పెట్టు. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, పట్టు ఎలా పడుతున్నావు? ఒక అరచెయ్యి లోపలికి, ఒకటి బయటికి పెట్టి, ఎప్పుడూ అదే చెయ్యి బయటికేనా? అలాగైతే ఒంటికి తెలియకుండానే ఒక పక్కకి మెలి పడుతుంది. మూడోది, పైకి లేచాక ఛాతీ విరుచుకుని వెనక్కి వంగిపోతున్నావా? వీడియోలో బాగుంటుంది, అంతే. నిటారుగా నిలబడితే లిఫ్టు అయిపోయినట్టే, అవతలికి పోనక్కరలేదు.

మూడు నెలల్లో 30 కిలోలు పెంచావు. కండ పెరిగినంత తొందరగా కీళ్ళూ నరాల కట్లూ గట్టిపడవు బాబూ, వాటికి టైము కావాలి.

గచ్చిబౌలి_గురు:

బ్రో సింపుల్. జిమ్ మానేసి రోజూ పన్నెండు సూర్యనమస్కారాలు చెయ్యి. మన పెద్దవాళ్ళకి డెడ్‌లిఫ్ట్ తెలుసా, నడుం నొప్పి తెలుసా?

ఉత్తరాంధ్ర_ఇనుము:

మన పెద్దవాళ్ళు వడ్ల బస్తా వీపున వేసుకుని మెట్లెక్కేవాళ్ళు నాయనా, నడుం నొప్పి లేకపోతే ఈ ఎదురుకాళ్ళ వైద్యం ఎందుకు పుట్టింది?

ఫిజియో_గోదావరి:

నేను ఫిజియోథెరపిస్టుని, రాజమండ్రిలో. చూడకుండా జబ్బు పేరు పెట్టడం తప్పు, కాబట్టి ఇది చికిత్స అనుకోకండి. కానీ మీరు నొప్పిని చెప్పిన తీరు చాలా బాగుంది, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అరచెయ్యి మొత్తం వీపు మీద తిప్పి "ఇక్కడంతా" అంటారు.

ఒక్క వేలితో, బెల్టు గీత కింద, ఒక పక్కనే, పక్కకి దొర్లినా కారు దిగినా వచ్చే నొప్పి అంటే నేను మొదట అనుమానించేది ఎస్ఐ జాయింట్. వెన్నెముక అడుగున ఉండే త్రికోణపు ఎముక, దానికి రెండు పక్కలా ఉండే కటి ఎముకలు కలిసే చోటు. పైనుంచి వచ్చే బరువంతా కాళ్ళలోకి పోవాలంటే ఈ రెండు జాయింట్ల గుండానే పోవాలి. డిస్క్ నొప్పి సాధారణంగా వేరుగా ఉంటుంది, ముందుకి వంగినా ఎక్కువసేపు కూర్చున్నా తుమ్మినా పెరుగుతుంది, నరం నొక్కుకుంటే మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంది. మీకు అది లేదంటున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరైనా "నీ జాయింట్ జారిపోయింది, టక్కుమనిపించి సెట్ చేస్తా" అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఆ జాయింట్ కదిలేదే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, మనిషిలో ఉన్న అత్యంత గట్టి కట్లలో కొన్ని దానికి ఉంటాయి. అది జారదు, వాపెక్కుతుంది, విసిగిపోతుంది. టక్కుమన్నాక కాసేపు హాయిగా ఉండటం నిజమే, అది సెట్ అవడం వల్ల కాదు.

ఎస్ఐ జాయింటేనా అని తేల్చడానికి ఎక్స్‌రే పెద్దగా పనికిరాదు. మంచి ఫిజియో మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి ఆ జాయింట్‌ని ఐదు రకాలుగా నొక్కి, లాగి, తొడ మీద నుంచి తోసి చూస్తారు. మూడు, అంతకన్నా ఎక్కువ పరీక్షల్లో మీకు తెలిసిన ఆ నొప్పే వస్తే అనుమానం బలపడుతుంది. అర్ధగంట పని.

గజ్జ సంగతి విడిగా చూడొద్దు, నా ఉద్దేశంలో కథ అక్కడి నుంచే మొదలైంది. వెల్లకిలా పడుకుని కుడి మోకాలు ఛాతీ వైపు తెచ్చి, దాన్ని ఎడమ భుజం వైపు లాగి, పాదం బయటికి తిప్పి చూడండి. గజ్జలో అదే పట్టు వస్తే తుంటి కీలులో ఎముక అంచుకి అంచు తగులుతూ ఉండొచ్చు. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ తిరిగి ఉండే కోణం అందరికీ ఒకలా ఉండవు. పాదాలు ఇంతే ఎడంగా, ఇలాగే సూటిగా అని ట్రైనర్ అందరికీ ఒకే కొలత ఇస్తే కొందరి తుంటి ఒప్పుకోదు. తుంటి ఆగిపోయాక కూడా మీరు ఇంకా కిందకి దిగితే ఆ మిగిలిన వంపు ఎక్కడి నుంచి రావాలి? కటి కిందకి మడతపడి నడుం దగ్గర నుంచి వస్తుంది. ఏడాది పాటు ప్రతి స్క్వాట్‌లో అదే జరిగి ఉంటే, 130 డెడ్‌లిఫ్ట్ చివరి దెబ్బ మాత్రమే.

కాబట్టి మానేయక్కరలేదు, మార్చాలి. రెండు మూడు వారాలు నేల మీద నుంచి ఏదీ లాగొద్దు. బార్‌ని మోకాలి ఎత్తులో ర్యాక్ మీద పెట్టి, మీ పాత బరువులో సగంతో, రెండు చేతులూ ఒకే వైపు పట్టి చేయండి. స్క్వాట్‌కి వెనకాల బెంచీ పెట్టుకుని, డంబెల్ ఛాతీకి ఆనించి పట్టుకుని, పాదాలు కొంచెం ఎడం చేసి వేళ్ళు బయటికి తిప్పి, గజ్జ పట్టే ఎత్తుకి ఒక రెండంగుళాల పైనే ఆగండి. లంజెస్, స్ప్లిట్ స్క్వాట్ మంచివే గానీ ఒక కాలు ముందు ఒకటి వెనక అయితే ఈ జాయింట్ కొందరికి ఎదురు తిరుగుతుంది, మొదట్లో వద్దు. గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం), సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు నిలపడం), బర్డ్ డాగ్ (చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాపడం) రోజూ పది నిమిషాలు, ఒక్కో పట్టు పది సెకన్లకి మించకుండా, ఎక్కువసార్లు. నిమిషాల తరబడి ప్లాంక్ పట్టి వణకడం వల్ల వచ్చేది ఏమీ లేదు.

నొప్పి సున్నా అయ్యేదాకా ఆగక్కరలేదు. పదికి మూడు లోపల ఉండి, మర్నాడు పొద్దునకి మామూలుకి వచ్చేస్తే ఆ బరువు సరిపోయినట్టు. నాలుగు దాటినా, మర్నాడు మిగిలినా ఒక మెట్టు దిగండి. బెల్టు విషయం: అది కడుపుకి ఎదురు నిలిచి లోపలి ఒత్తిడి పెంచుకోవడానికి పనికొస్తుంది, నొప్పి ఉన్న చోట కట్టే కట్టు కాదు.

ఎంఆర్ఐ ఇప్పుడే వద్దంటాను. నొప్పి లేనివాళ్ళకి తీసినా మార్పులు కనిపిస్తాయి, 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. రిపోర్టులో "బల్జ్" (డిస్క్ ఉబ్బడం) అన్న మాట చదివి భయంతో వంగడమే మానేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను. కానీ పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం, విరేచనం పట్టు తప్పినా ఇలా పోస్టులు రాస్తూ కూర్చోకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాలి, అది వేరే లెక్క.

చివరగా, ఎప్పుడైనా స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఎక్కువ రోజులు వాడారా, కోవిడ్ అప్పుడు గానీ చర్మానికో ఆయాసానికో గానీ? మందు బాగా తాగుతారా? గజ్జ నొప్పి ఉన్నవాళ్ళని ఇది తప్పనిసరిగా అడుగుతాను. తొడ ఎముక తలకి రక్తం అందక దెబ్బతినే జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, దానికి మాత్రం తుంటికి ఎంఆర్ఐ తీయాల్సిందే. కండల కోసం జిమ్‌లో అమ్మే స్టెరాయిడ్ గురించి కాదు ఇది, డాక్టర్లు వాపుకి ఇచ్చే రకం.

బెజవాడ_వెన్నుపూస:

ఫిజియో గారు అన్నీ చెప్పారు గానీ నా కథ కూడా వినండి, ఎందుకంటే నేను కూడా డెడ్‌లిఫ్ట్ వల్లే అనుకుని నాలుగేళ్ళు పోగొట్టుకున్నాను.

26 ఏళ్ళప్పుడు మొదలైంది. ఒక నెల కుడి పిరుదులో, ఇంకో నెల ఎడమ పిరుదులో. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసేది, లేచి హాల్లో తిరిగితే తప్ప తగ్గేది కాదు. పొద్దున లేచాక గంట దాకా ఒళ్ళు కొయ్యబారిపోయి సాక్సులు తొడుక్కోవడానికి మంచం మీద పడుకోవాల్సి వచ్చేది. విచిత్రం ఏంటంటే జిమ్‌కి వెళ్తే బాగుండేది, ఆదివారం రెస్టు తీసుకుంటే చచ్చేవాణ్ణి. అందరూ చెప్పింది ఒకటే, బరువులు మానెయ్యి, రెస్టు తీసుకో. మానేశాను. ఇంకా బిగుసుకుపోయాను. మధ్యలో ఒకసారి కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే కళ్ళ డాక్టరు అడిగాడు, నీకు నడుం నొప్పి ఉందా అని. అప్పటిదాకా ఎవరూ రెంటినీ కలపలేదు!

ఆయన కీళ్ళవాతం డాక్టరు దగ్గరికి పంపితే రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపేది), హెచ్ఎల్ఏ బి27 (ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యువు) పరీక్షలు, ఎస్ఐ జాయింట్లకి ఎంఆర్ఐ చేసి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే ఎస్ఐ జాయింట్లూ వెన్నెముకా వాచి బిగుసుకుపోయే కీళ్ళవాతం అని తేల్చారు. నాకు బి27 పాజిటివ్ గానీ, పాజిటివ్ వచ్చిన ప్రతివాడికీ జబ్బు ఉండదు, నెగెటివ్ వస్తే లేనట్టూ కాదు, డాక్టరు మొత్తం చూసే చెప్పాలి. ఇప్పుడు మందులతో బాగున్నాను, స్క్వాట్ 80 చేస్తున్నాను. నాకు వ్యాయామం మానమని చెప్పడం పోయి చెయ్యకపోతే తిడుతున్నారు.

కాబట్టి బ్రదర్, పొద్దున లేచాక బిగుతు ఎంతసేపు ఉంటోందో చెప్పు. అర్ధగంట దాటితే, కదిలితే తగ్గి రెస్టుకి పెరిగితే, ఇక్కడ ఎవరి మాటా వినకు, సరైన డాక్టరుకి చూపించుకో.

ఇద్దరు_పిల్లల_తల్లి:

నాదీ సరిగ్గా అదే గుంట, అదే కుడివైపు. రెండో కాన్పుకి ముందు ఏడో నెలలో మొదలై, బాబు పుట్టాక కూడా పోలేదు. నాకు కూడా బరువులెత్తొద్దు అన్నారు. సరే అండీ, మరి గ్యాస్ బండ ఎవరు జరుపుతారు? 14.2 కిలోల గ్యాస్, బండ బరువు కలిపితే ముప్ఫైకి దగ్గర. దానికి వంగే పద్ధతి ఎవరూ నేర్పలేదు, జిమ్‌లో 20 కిలోల బార్‌తో నేర్చుకున్నాను. పిల్లాణ్ణి ఎప్పుడూ ఒకే చంకన వేసుకుని తుంటి పక్కకి తోసి నిలబడేదాన్ని, పక్కలు మార్చడం మొదలుపెట్టాక సగం తగ్గింది. మీరు ఆఫీసులో ఎలా కూర్చుంటారో చూసుకోండి, ఒక కాలు మడిచి కింద పెట్టుకోవడం, వెనక జేబులో లావుపాటి పర్సు… మా వారికి ఆ రెండూ ఉన్నాయి.

నిజాంపేట_బార్‌బెల్:

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. పొద్దున బిగుతు ఐదు నిమిషాలు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి పోతుంది, రాత్రి మెలకువ రావట్లేదు. స్టెరాయిడ్లు ఎప్పుడూ వాడలేదు, మందు పెళ్ళిళ్ళకే. పర్సు మాత్రం… కుడి జేబులోనే మేడమ్, ఇవాళ బ్యాగులోకి మార్చాను. అన్నా, పట్టు మీరు చెప్పినట్టే, ఎప్పుడూ కుడి అరచెయ్యే బయటికి. టేపు రేపు తీసుకెళ్తా.

నిజాంపేట_బార్‌బెల్ (ఏడు వారాల తర్వాత):

అప్‌డేట్ పెట్టకుండా మాయమయ్యేవాళ్ళంటే నాకే చిరాకు, అందుకని రాస్తున్నా.

టేపు సంగతి. జిమ్‌లో 20 కిలోల ప్లేట్లు రెండే ఉంటాయి, అవి ఎప్పుడూ లెగ్ ప్రెస్ మీదే. నేను వాడేవి 15, 10. పెద్దది కొలిస్తే 36 సెంటీమీటర్లు, అంటే బార్ ఎత్తు 18. నాలుగున్నర సెంటీమీటర్లు లోతు నుంచి రెండేళ్ళు లాగానన్నమాట, ట్రైనర్‌కి చూపిస్తే "అందరూ అలాగే చేస్తారు సార్" అన్నాడు. ఇప్పుడు రెండు పక్కలా రబ్బరు పలకలు వేసుకుంటున్నా, చూసి ఇంకో ఇద్దరు కూడా వేసుకుంటున్నారు.

దగ్గర్లో ఒక ఫిజియో దగ్గరికి వెళ్ళాను, ఐదు పరీక్షల్లో నాలుగింటికి అదే నొప్పి వచ్చింది, తొడ మీద నుంచి తోసినప్పుడైతే అరిచాను. మూడు వారాలు మోకాలి ఎత్తు నుంచి 60 కిలోలతోనే చేశాను, పక్కన కాలేజీ కుర్రాళ్ళు 140 లాగుతుంటే ఆ 60 పట్టుకోవడానికి సిగ్గేసింది, అదే అన్నిటికంటే కష్టమైన భాగం. ఇప్పుడు పలకల మీద నుంచి 90 వరకు వచ్చాను. చురుక్కుమనడం పోయింది, దూరం బండి మీద వెళ్ళి గుంతల్లో పడితే మాత్రం సాయంత్రం గుర్తొస్తుంది. గజ్జ మాత్రం పూర్తిగా పోలేదు. పాదాలు ఎడం చేసి బెంచీ ఎత్తుకి ఆగితే రాదు, ఒక్క అంగుళం ఆశపడితే వస్తుంది. దానికి ఇంకో రెండు నెలలు చూసి తుంటి డాక్టరుకి చూపించమన్నారు.

అమ్మ మాట కాదనలేక ఆ 95 కిలోల బావని కూడా రప్పించాం. పాపం వాడు భయపడి పాదం ఊరికే ఆనించి తీసేశాడు. ఇప్పుడు ఇంట్లో నొప్పి తగ్గిన క్రెడిట్ అంతా వాడికే, వచ్చినప్పుడల్లా రొయ్యల వేపుడు.

ఉత్తరాంధ్ర_ఇనుము:

90ది వీడియో పెట్టు. ముందు నుంచి కాదు, పక్క నుంచి, మడమలు కనపడాలి. చొక్కా లోపలికి దోపుకో, నడుం కనపడక చస్తున్నాం.